మెర్లిన్ యాప్‌కి గల్ పక్షులతో పరీక్ష: హైదరాబాద్ జలాశయాలకి వెళ్లేవాళ్ల కోసం రివ్యూ

పక్షుల్ని గుర్తుపట్టే యాప్ సత్తా ఎంతో తేల్చాలంటే నెమలినో పాలపిట్టనో చూపించి లాభం లేదు. వాటి పేరు ఏ యాప్ అయినా చెప్పేస్తుంది, యాప్ లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేస్తారు. చూపించాల్సింది గల్‌లని, అంటే సీగల్ అని పిలిచే నీటి పక్షులని. వయసుని బట్టి ఒక వేషం, నెలని బట్టి ఇంకో వేషం. పైగా పక్క జాతి పక్షి కూడా అచ్చం అదే వేషంలో అదే గుంపులో తేలుతూ ఉంటుంది. చలికాలంలో గండిపేట, హిమాయత్‌సాగర్, మంజీరా, సింగూరు లాంటి పెద్ద నీళ్ల దగ్గరికి బైనాక్యులర్స్ పట్టుకుని వెళ్లేవాళ్లకి ఈ చిక్కు ఏటా ఉండేదే. అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ వాళ్ల మెర్లిన్ బర్డ్ ఐడీ యాప్, దాని వెనక ఉన్న ఈబర్డ్ (చూసిన పక్షుల జాబితాలు జనం రాసే సైటు) కలిసి ఆ చిక్కుని ఎంతవరకు విప్పుతాయో ఇక్కడ చూద్దాం. పరీక్షకి తీసుకున్న పక్షి బ్రౌన్ హెడెడ్ గల్.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకి సులువు. వందల పేర్లని ఐదారుకి తగ్గించడంలో మెర్లిన్ దిట్ట. ఆ ఐదారులోంచి ఒకటి తేల్చాలంటే మాత్రం పక్షి రెక్క కొస, కంటి రంగు చూడాలి. ఆ రెండూ కనిపించే ఫొటో ఇస్తే యాప్ బాగా పనిచేస్తుంది. ఇవ్వకపోతే అది చెప్పే పేరు మంచి అంచనా, అంతే. పక్షి ఎక్కడెక్కడ ఉంటుందన్న విషయంలో మెర్లిన్ పటం కన్నా ఈబర్డ్ పటం చాలా నయం, కాకపోతే దాన్ని చదవడం నేర్చుకోవాలి.

రెండూ ఉచితం, ప్రకటనల గోల లేదు. ఈబర్డ్ 2002 నుంచి ఉంది, మెర్లిన్ 2014లో వచ్చింది. జనం ఈబర్డ్‌లో రాసిన జాబితాలే మెర్లిన్‌కి ఆధారం: ఫలానా చోట ఫలానా వారంలో ఏ పక్షి కనిపించే అవకాశం ఎంత అన్నది అక్కడి నుంచే వస్తుంది. యాప్ వేసుకున్నాక మన ప్రాంతపు బర్డ్ ప్యాక్, అంటే అక్కడి పక్షుల సమాచారం, వేరేగా దింపుకోవాలి. అది వందల ఎంబీలు ఉంటుంది కాబట్టి ఇంట్లో వైఫై మీదే ఆ పని కానివ్వండి. సింగూరు గట్టు మీదికి వెళ్లాక డౌన్‌లోడ్ మొదలుపెడితే పక్షులు వెళ్లిపోతాయి గానీ ప్యాక్ దిగదు. ఒకసారి దిగితే ఫొటో ఐడీకి నెట్ అక్కర్లేదు. ఈ గల్ గూడు కట్టే లడాఖ్ వెళ్తుంటే ఆ ప్రాంతానికి మీ ప్యాక్ సరిపోతుందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి.

మెర్లిన్‌లో పక్షిని పట్టుకునే దారులు మూడు: ప్రశ్నలు, ఫొటో, శబ్దం. గల్‌లకి శబ్దం దారి వదిలేయండి. చెరువు మీద గాలి ఫోన్ మైకులో హోరెత్తుతుంది, చలికాలం గుంపులో ఎవరు అరిచారో చూపించడం మీ వల్లా కాదు, యాప్ వల్లా కాదు.

ప్రశ్నల దారి కొత్తవాళ్లకి బాగుంటుంది. ఎక్కడ చూశారు, ఎప్పుడు, ఎంత పెద్దది, ఏ రంగులు, ఏం చేస్తోంది అని అడుగుతుంది. సైజుకి పిచ్చుక, రాబిన్, కాకి, గూస్ (పెద్ద బాతు) కొలతలు ఇస్తుంది. ఆ రాబిన్ అమెరికా రాబిన్, మన గోరింక కన్నా కాస్త పెద్దది. దాని జోలికి పోకుండా కాకి దగ్గరే ఉండండి. బ్రౌన్ హెడెడ్ గల్ సుమారు 41 నుంచి 45 సెంటీమీటర్లు, మన ఊరకాకి కూడా దాదాపు అంతే పొడవు. రెక్కలు విప్పితే మాత్రం కాకి కన్నా చాలా పెద్దదనిపిస్తుంది. ఎగిరే పక్షిని చూసి గూస్ సైజు నొక్కేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు.

అసలు తంటా రంగుల దగ్గర. యాప్ మూడు రంగుల దాకా ఎంచుకోనిస్తుంది. నవంబరులో మన నీళ్ల మీదున్న బ్రౌన్ హెడెడ్ గల్ తల మీద గోధుమ రంగు ఉండదు. తల తెల్లగా ఉంటుంది, కంటి వెనక చెవి దగ్గర ఒక ముదురు మచ్చ, అంతే. ముక్కు ఎరుపు, కొస నలుపు. కాళ్లు ఎరుపు. వీపు లేత బూడిద రంగు. కాబట్టి తెలుపు, బూడిద, నలుపు నొక్కండి. పేరు తెలిసినవాళ్లు ఆ పేరే మనసులో పెట్టుకుని గోధుమ రంగు నొక్కితే జాబితాలో ఎక్కడెక్కడి ఉల్లంకులో తేలతాయి. గోధుమ ముసుగు (తలంతా కప్పే గోధుమ రంగు) ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పక్షి తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యేటప్పుడు మొదలవుతుంది. ఆ రోజుల్లో ఒకే గుంపులో సగం ముసుగువి, పూర్తి ముసుగువి, అసలు లేనివి కలిసి ఉంటాయి. అవన్నీ వేర్వేరు జాతులని కంగారు పడొద్దు.

ఇక దీని కవల లాంటి పక్షి బ్లాక్ హెడెడ్ గల్. ఇదీ చలికాలం అతిథే, కాస్త చిన్నది, 37 నుంచి 43 సెంటీమీటర్లు. దీని తల కూడా చలికాలంలో తెలుపే, చెవి దగ్గర మచ్చ ఉంటుంది, ముక్కు, కాళ్లు ఎరుపే. వేసవి ముసుగు కూడా నిజానికి నల్లగా ఉండదు, ముదురు చాక్లెట్ రంగు. బ్రౌన్ హెడెడ్ ముసుగు అంతకన్నా లేత, వెనక అంచు దగ్గర మాత్రం ముదురు గీత కట్టినట్టుంటుంది. యాప్ ఈ రెంటినీ దాదాపు ఎప్పుడూ పక్కపక్కనే చూపిస్తుంది. అందులో తప్పు లేదు, ఈ రెండూ అంత దగ్గర. విడదీసే గుర్తులు మీ చేతిలో ఉండాలి.

మొదటిది, అన్నిటికన్నా గట్టిది, రెక్క కొస. పెద్ద (పూర్తిగా ఎదిగిన) బ్రౌన్ హెడెడ్ గల్ రెక్క విప్పితే కొస అంతా వెడల్పుగా నలుపు. ఆ నలుపులో, చివరి రెండు పెద్ద ఈకల మీద, ఒక్కో తెల్ల మచ్చ. బర్డర్లు వీటినే మిర్రర్లు అంటారు. బ్లాక్ హెడెడ్‌కి మిర్రర్లు ఉండవు. దాని రెక్క ముందు అంచు వెంట పొడవాటి తెల్ల చీలిక కొసదాకా సాగుతుంది, నలుపు సన్నటి అంచుగా మాత్రమే మిగులుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. బ్రౌన్ హెడెడ్‌కి కూడా ఆ నలుపు మొదలయ్యే ముందు ఒక తెల్ల పట్టీ ఉంటుంది. దూరంగా రెక్క కొడుతుంటే ఆ తెలుపు తళుక్కుమంటుంది, చూసినవాళ్లు బ్లాక్ హెడెడ్ అనేసుకుంటారు. తెలుపు ఉందా లేదా అని చూడొద్దు. తెలుపు తర్వాత వెడల్పాటి నలుపు వచ్చిందా, లేక తెలుపే కొసదాకా పోయిందా అన్నది చూడండి.

రెండోది కన్ను. పెద్ద బ్రౌన్ హెడెడ్‌కి లేత పసుపు కన్ను, చుట్టూ సన్నటి ఎర్ర రింగు. బ్లాక్ హెడెడ్ కన్ను ముదురు రంగు, దూరానికి నల్లపూసలా ఉంటుంది. పక్షి నీళ్ల మీద కూర్చుని రెక్క విప్పనని మొండికేస్తే ఇదే దిక్కు. 8×42 బైనాక్యులర్స్‌తో దగ్గరి పక్షికి సరిపోతుంది, దూరపు పక్షికి స్పాటింగ్ స్కోప్ కావాలి. నిలబడి ఉన్న పక్షిలో ఇంకో దారి కూడా ఉంది: అటువైపు రెక్క అడుగు భాగం తోక దగ్గర కొంచెం బయటికి కనిపిస్తుంది, మిర్రర్ ఉంటే ఆ ముక్క మీద తెల్ల చుక్కగా దొరుకుతుంది.

ముక్కు మందం, ఒళ్లు బరువు లాంటివి రెండూ పక్కపక్కన ఉంటేనే తెలుస్తాయి. బ్రౌన్ హెడెడ్ ముక్కు కాస్త మొద్దు. ఒంటరి పక్షిని చూసి ముక్కు మీద తీర్పు చెప్పకండి.

పై రెండు గుర్తులూ పెద్ద పక్షులకే. మొదటి చలికాలపు పిల్ల బ్రౌన్ హెడెడ్‌కి మిర్రర్లు ఇంకా రావు, కన్ను కూడా ముదురే. రెక్క మీద అడ్డంగా గోధుమ మచ్చలు, తోక చివర సన్నటి నల్ల పట్టీ, ముక్కు ఎర్రగా కాక నారింజ ఛాయలో ఉంటుంది. దీన్ని పట్టుకునేది మళ్లీ రెక్క కొసే: కొస మొత్తం మచ్చ లేని నలుపు. అదే వయసు బ్లాక్ హెడెడ్‌లో బయటి ఈకల నడుమ తెల్ల చారలు కనిపిస్తాయి. మెర్లిన్ జాతి పేజీలో ఫొటోల కింద వయసు, కాలం రాసి ఉంటాయి. మొదటి ఫొటో చూసి మూసేయకుండా పిల్ల పక్షి ఫొటో వచ్చేదాకా పక్కకి జరపండి. చాలామంది ఆ పని చేయరు, యాప్‌లో పనికొచ్చే సరుకంతా అక్కడే ఉంది.

అక్టోబరులో వచ్చిన పెద్ద పక్షుల విషయంలో ఇంకో ఇబ్బంది. గల్‌లు రెక్క ఈకల్ని లోపలి నుంచి బయటికి ఒక్కొక్కటిగా మారుస్తాయి. అన్నిటికన్నా చివర పెరిగేవి సరిగ్గా ఆ మిర్రర్లుండే ఈకలే. ఈక ఇంకా పూర్తిగా ఎదగకపోతే మిర్రర్ కనపడదు, రెక్క కొస మొండిగా ఉంటుంది. సీజన్ చివర్లో దీనికి తిరగబడ్డ సమస్య: ఈకలో నల్ల రంగున్న చోటు గట్టిది, తెల్ల చోటు తొందరగా అరిగిపోతుంది. అందుకని మార్చి, ఏప్రిల్ పక్షుల్లో మిర్రర్ అంచులు చిరిగి చిన్నవైపోతాయి. ఈ రెండు సందర్భాల్లో యాప్ తడబడితే అది యాప్ తప్పనలేం. పక్షి మీద గుర్తే లేనప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది?

ఇప్పుడు ఫొటో దారి. ఫొటో ఎంచుకున్నాక పక్షి చతురస్రంలో నిండేదాకా వేళ్లతో పెద్దది చేయమంటుంది, తర్వాత చోటు, తేదీ అడుగుతుంది, అప్పుడు పేర్లు ఇస్తుంది. తేదీ, చోటు ఫొటోలోనే దాగి ఉంటే తనే తీసుకుంటుంది. ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే. స్నేహితులు వాట్సాప్‌లో పంపిన ఫొటోలో ఆ వివరాలు ఉండవు, పైగా బొమ్మ నలిగిపోయి వస్తుంది. కెమెరా వెనక తెరని ఫోన్‌తో ఫొటో తీసి పెడితే ఇంకా ఘోరం: ఫోన్ అది తీసిన చోటు, తీసిన రోజు రాసుకుంటుంది, తెర గళ్లు పక్షి ఈకల మీద చారల్లా పడతాయి. పాంగాంగ్ ఒడ్డున జూన్‌లో తీసిన ముసుగు పక్షిని కూకట్‌పల్లిలో కూర్చుని ఇలా యాప్‌కి ఇస్తే, హైదరాబాద్‌లో ఆ కాలంలో ఉండే పక్షుల్లోంచి సమాధానం వెతుకుతుంది. తేదీ, చోటు అడిగే తెర దగ్గర నెక్స్ట్ కొట్టేయకుండా ఒక్క క్షణం ఆగి చూడండి.

ఫొటో తీసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే లక్ష్యం: విప్పిన రెక్క పైభాగం. అందమైన ముఖచిత్రం కన్నా, మసకగా ఉన్నా రెక్క కొస కనిపించే ఫ్రేము వంద రెట్లు నయం. షట్టర్ సెకనులో 1/2000 వంతు దగ్గర పెట్టి బర్స్ట్ (వరసగా ఫొటోలు) కొట్టండి, పక్షి మలుపు తిరిగేటప్పుడు రెక్క పైభాగం మీ వైపు వస్తుంది. తెల్ల పక్షి ముదురు నీళ్ల ముందు ఎగురుతుంటే కెమెరా దృశ్యం చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, తెలుపంతా కాలిపోయి మిర్రర్, చుట్టూ ఉన్న లేత రంగు కలిసిపోతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా తగ్గించాలి. వెలుగున్న ఆకాశం ముందైతే దీనికి ఉల్టా, పెంచాలి, లేకపోతే పక్షి నల్ల నీడగా మిగులుతుంది. గండిపేటకి కట్ట తూర్పు కొసన ఉంది, నీళ్లు పడమటికి పరుచుకుని ఉంటాయి. పొద్దున కట్ట వైపు నుంచి చూస్తే ఎండ వీపు మీద పడుతుంది, పక్షి మీద వెలుతురు సరిగ్గా ఉంటుంది. సాయంత్రం అదే చోట నిలబడితే అన్నీ నీడలే. ఎండ ముదిరాక నీళ్ల మీద వేడి ఆవిరి ఆడుతుంది, స్కోప్‌లో 40 రెట్లు దాటి పెంచినా బొమ్మ వణుకుతుందే తప్ప వివరం పెరగదు.

ఫోన్ కెమెరాతో నేరుగా తీసిన ఫొటోల మీద ఆశ వద్దు. జలాశయంలో గల్ వంద మీటర్లు దాటి ఉంటుంది. పెద్దది చేస్తే మిగిలేది తెల్లటి మరక. యాప్ దానికి కూడా ఏదో పేరు చెప్తుంది, అదే దీనితో వచ్చిన పేచీ. జవాబు వచ్చింది కదా అని నమ్మబుద్ధవుతుంది. దిస్ ఈజ్ మై బర్డ్ అన్న మీట నొక్కే ముందు రెక్క కొస చూశానా, కన్ను చూశానా అని మిమ్మల్ని మీరే అడగండి. రెండూ చూడలేదంటే నొక్కొద్దు.

మన నగరం చుట్టుపక్కల ఇంకో పొరపాటు ఎక్కువ. నీళ్ల మీద ఎగిరే తెల్ల పక్షి కనిపిస్తే గల్ అనేస్తారు, తీరా అది టెర్న్. అమీన్‌పూర్ లాంటి చోట, మంజీరా వెంట మామూలుగా కనిపించేవి రివర్ టెర్న్, చలికాలంలో విస్కర్డ్ టెర్న్. టెర్న్ ఒళ్లు సన్నం, రెక్కలు సన్నగా కోసుగా, ఎగిరేటప్పుడు ముక్కు కిందికి పెట్టి నీళ్లు వెతుకుతుంది. రివర్ టెర్న్ తోక పొడవుగా చీలి ఉంటుంది, ముక్కు పసుపు, చేప కోసం తలకిందులుగా నీళ్లలో పడుతుంది. గల్ తోక విసనకర్రలా గుండ్రం, తిండి నీటి పైనే ఏరుకుంటుంది, ఈత కొడుతూ గంటలు గంటలు కూర్చుంటుంది. మెర్లిన్ టెర్న్, గల్ తేడాని ఫొటోలో బాగానే పడుతుంది. ఈ మెచ్చుకోలు దానికి ఇవ్వాల్సిందే. రివర్ టెర్న్ రికార్డు చిన్నచూపు చూడాల్సింది కూడా కాదు: నది ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే ఈ పక్షిని ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) ముప్పున్న జాతుల్లో, వల్నరబుల్ వర్గంలో పెట్టింది. బ్రౌన్ హెడెడ్ గల్‌కి మాత్రం ప్రస్తుతం అలాంటి ముప్పు లేదు.

పెద్ద జలాశయాల్లో చూడదగ్గ మూడో అతిథి పల్లాస్ గల్. దీనికి యాప్ అవసరం తక్కువ. 60 సెంటీమీటర్లు దాటుతుంది, హుస్సేన్‌సాగర్ మీద తిరిగే గద్ద కన్నా బరువైన ఒళ్లు. పసుపు ముక్కు, దాని కొస దగ్గర నలుపు, ఎరుపు. కాళ్లు పసుపు. చలికాలంలో కన్ను చుట్టూ మాసిన ముసుగు. ఇతర గల్‌ల కన్నా ముందే, జనవరి, ఫిబ్రవరిలోనే నల్లటి ముసుగు వేసుకోవడం మొదలుపెడుతుంది. ముసుగు నిజంగా నల్లగా ఉంటే అది బ్లాక్ హెడెడ్ కాదు, ఇదే.

ఎక్కడెక్కడ ఉంటుందన్న భాగానికి వద్దాం. బ్రౌన్ హెడెడ్ గల్ సముద్రపు పక్షుల వంశంలో పుట్టి సముద్రానికి దూరంగా పిల్లల్ని కంటుంది. తజికిస్తాన్ వైపు పామీర్ నుంచి టిబెట్, చింగ్‌హాయ్ మీదుగా ఇన్నర్ మంగోలియా దాకా, ఎత్తైన పీఠభూముల సరస్సులు దాని కాన్పు చోట్లు. మన దేశంలో లడాఖ్‌లో గూడు కడుతుంది. త్సో మొరిరి సరస్సు 4,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి చలికి దిగి భారత తీరాలకి, శ్రీలంకకి, ఆగ్నేయాసియా తీరాలకి చేరుతుంది. దారిలో, చలికాలంలో పెద్ద నదులు, జలాశయాల మీద ఆగుతుంది. మన వైపు అక్టోబరు, నవంబరుల్లో దిగి మార్చి, ఏప్రిల్ కల్లా సర్దుకుంటుంది. దీన్ని శాస్త్రీయంగా మొదట వర్ణించింది బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్, 1840లో. వర్ణించింది ఈ దేశపు పక్షినే, పుట్టిన సరస్సు దగ్గర కాదు, చలికాలం గడిపే పడమటి తీరం నుంచి.

మెర్లిన్‌లో జాతి పేజీ తెరిస్తే వ్యాప్తి పటం వస్తుంది. రంగులు పూసిన ప్రపంచ పటం అది, ఏ కాలంలో ఎక్కడన్నది రంగుల సూచిక చెప్తుంది. మొత్తం ప్రయాణం అర్థం చేసుకోవడానికి బాగుంది, ఆదివారం పొద్దున ఎటు వెళ్లాలో చెప్పడానికి పనికిరాదు. ఆ స్కేలులో గండిపేట చుక్కంత కూడా రాదు. రంగు పూసిన ప్రతి చోటా పక్షి ఉంటుందనుకుని దుర్గం చెరువు దగ్గర గల్ కోసం కాచుకుని కూర్చోవడం వృథా. దానికి కావాల్సింది విశాలమైన నీళ్లు, చేపలు, మనుషులు చేరని దిబ్బ.

దానికన్నా మెర్లిన్‌లోనే ఉన్న ఎక్స్‌ప్లోర్ బర్డ్స్ భాగం నయం. చోటు, తేదీ ఇచ్చి కనిపించే అవకాశం ప్రకారం జాబితా వరసగా పెట్టుకోవచ్చు, ఏ నెలలో ఎంతన్నది పట్టీగా చూపిస్తుంది. ఆ పట్టీ సన్నగా ఉంటే పక్షి లేదని కాదు, జాబితాలు రాసేవాళ్లు ఎక్కువగా చిన్న చెరువుల దగ్గర రాస్తున్నారని కావచ్చు. ఇది అర్థం కావాలంటే ఈబర్డ్ సైటులో జాతి పటం తెరవాలి.

అందులో ఊదారంగు గళ్లు ఉంటాయి, ఎంత ముదురైతే అన్ని ఎక్కువ జాబితాల్లో ఆ పక్షి ఉన్నట్టు. బూడిద గళ్లంటే అక్కడ జనం పక్షులు చూసి రాశారు, ఈ జాతి మాత్రం రాయలేదని. ఏ రంగూ లేని చోటంటే అసలు ఎవరూ రాయలేదని. ఈ చివరి రెంటికీ ఉన్న తేడానే పటం మొత్తానికి ప్రాణం. తెలంగాణ లోపలి జలాశయాల మీద ఖాళీ గడి కనిపిస్తే, అది గల్ రాని చోటు అనుకోకుండా, మనిషి వెళ్లని చోటు అనుకోండి. పటాన్ని పెద్దది చేస్తే గళ్లు పోయి పిన్నులు వస్తాయి. ఎరుపు పిన్నులు గత 30 రోజులవి, నీలం పాతవి. పిన్ను నొక్కితే ఎవరి జాబితా, ఏ తేదీ, ఎన్ని పక్షులు, ఫొటో ఉందా లేదా తెలుస్తుంది. నెలల వారీగా వడపోసే సౌకర్యం కూడా ఉంది: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టి ఒకసారి, జూన్ నుంచి ఆగస్టు దాకా పెట్టి ఇంకోసారి చూస్తే, మొదటి పటంలో తీరం వెంట దండలా కనిపించే పక్షి రెండో పటంలో హిమాలయాల అవతలకి ఎక్కి ఉంటుంది. వ్యాప్తి గురించి పుస్తకంలో పేజీలు చదివే కన్నా ఈ రెండు పటాలు ఎక్కువ నేర్పుతాయి.

పిన్నులన్నీ నిజమని కూడా అనుకోవద్దు. మామూలుగా అక్కడ రాని జాతినో, మామూలుకి మించిన సంఖ్యనో రాస్తే ఈబర్డ్ ఆపి వివరం అడుగుతుంది, తర్వాత స్థానికంగా తెలిసినవాళ్లు పరిశీలిస్తారు. రెండు జాతులూ వచ్చే చోట ఒకదాన్ని ఇంకొకటిగా రాస్తే మాత్రం ఆ జల్లెడలో ఆగదు. కాబట్టి మీరు రాసేటప్పుడు వ్యాఖ్యలో రెండు ముక్కలు చేర్చండి: మిర్రర్లు చూశాం, కన్ను లేత రంగు, అని. చూడలేకపోతే గల్ ఎస్‌పీ (ఏ జాతో తేలని గల్) అన్న పేరు జాబితాలో ఉంది, అది వాడుకోవడంలో నామోషీ లేదు. తప్పు పేరు కన్నా ఆ మాట పటానికి మేలు చేస్తుంది. గుంపుని లెక్కపెట్టడానికి ముందు పది పక్షులు ఎంత జాగా ఆక్రమించాయో చూసుకుని, ఆ జాగా ఎన్నిసార్లు పడుతుందో లెక్కించండి. కంప్లీట్ చెక్‌లిస్ట్ అన్న ప్రశ్నకి, గుర్తుపట్టిన ప్రతి పక్షీ రాస్తేనే అవును అనండి. గల్‌లు మాత్రమే రాసి అవును నొక్కితే అక్కడ కొంగలూ బాతులూ లేవని లెక్కలోకి పోతుంది.

ఇంకా అనుమానం తీరకపోతే నగరంలో డెక్కన్ బర్డర్స్ లాంటి పాత బృందాలున్నాయి. ఫొటో నలగకుండా ఈమెయిల్‌లోనో డాక్యుమెంట్‌గానో పంపితే, రెక్క కొస చూసి చెప్పగలిగిన కళ్లు అక్కడ దొరుకుతాయి.

సంక్రాంతి సెలవులకి తీరానికి వెళ్లేవాళ్లకి ఒక మాట. ఉప్పాడ, మచిలీపట్నం, సూర్యలంక వైపు గల్‌ల గుంపులు మన జలాశయాలకి పోలిక లేనంత పెద్దవి, పరీక్ష కూడా అంతే కఠినం. అక్కడ ముదురు బూడిద వీపుతో, పసుపు కాళ్లతో పెద్ద గల్ కనిపించి, మన పుస్తకాల్లో ఉన్న హ్యూగ్లిన్స్ గల్ పేరు యాప్‌లో వెతికితే విడి జాతిగా దొరకదు. ఈబర్డ్, మెర్లిన్ దాన్ని లెసర్ బ్లాక్ బ్యాక్డ్ గల్‌లో ఉపజాతిగా కలిపేశాయి. ఆ పేరుతోనే వెతకాలి. పాత పుస్తకాల్లో బ్రౌన్ హెడెడ్‌కి లారస్ అని ఉన్న శాస్త్రీయ నామం కూడా ఇప్పుడు క్రోయికోసెఫాలస్ అయింది.

కాళ్లు కూడా చూడండి. గల్ కాలికి లోహపు రింగో రంగు రింగో కనిపిస్తే మెర్లిన్ ఆ అంకెలు చదవదు, అది మీ పనే. ఏ కాలికి ఉంది, మోకీలు పైనా కిందా, ఏ రంగు, ఏ అక్షరాలు, ఏ దిక్కుగా చదివారన్నది రాసుకుని, ఫొటో జతచేసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయండి, అదే వివరం ఈబర్డ్ వ్యాఖ్యలో కూడా పెట్టండి.